పొద్దుగూకే వేళ కోడిపిల్లలను గూటికి అలవాటు చేయటం



కోళ్ళ పెంపకం గూర్చి మీరు చాలా ప్రసంగాలు విని వుంటారు. యే జాతి మంచిది, యే మేత పెట్టాలి, యే వారంలో యే టీకా వేయించాలి అని చెప్పేవారు చాలామంది వున్నారు. నేనూ యిన్నాళ్ళు అవే చెపుతూ వచ్చాను. అయితే పొద్దుగూకే వేళ నుంచి కోడిపిల్లలు కళ్ళు మూసుకునే దాకా వుండే ఆ వొక్క గంట సంగతి యెవరూ పెద్దగా చెప్పరు. నేనూ చెప్పలేదు. చెప్పనందువల్ల యేమి జరిగిందో ముందుగా మనవి చేస్తాను.

ఉదయగిరి ప్రాంతంలో, వరికుంటపాడు మండలంలోని వొక పల్లెలో వొక ముసలమ్మ వున్నది. మగదిక్కు లేదు. రెండు మేకలు, యింటి ముందు వొక వేపచెట్టు, వెనక కాస్త దొడ్డి, అంతే ఆమె ఆస్తి. పెరటికోళ్ళు పెంచితే గుడ్ల మీద నాలుగు రూపాయలు కళ్ళజూస్తుందని, నాలుగు వారాల వయసున్న 20 వనరాజా పిల్లలు ఆమెకు అందేట్టు చూశాను. మేత గురించి చెప్పాను. నీళ్ళ గురించి చెప్పాను. టీకాకు పశువైద్యశాలకు పోవలసిన తేదీని ఆమె యింటి గోడ మీద బొగ్గుతో రాసి మరీ వచ్చాను.

అవి మార్గశిర మాసపు రోజులు. పగలు యెండ కాసినా, రాత్రి అయ్యేసరికి వెలిగొండల వైపునుంచి చలిగాలి దిగుతుంది. ఆమె చీకటి పడినాక పిల్లలను దొడ్డంతా తరిమి తరిమి పట్టుకొని, అన్నిటినీ వొకే గంప కింద మూసి, చలి తగలకుండా పైన రెండు గోనెపట్టాలు కప్పి, పిల్లి లాగకుండా వొక బండరాయి పెట్టింది. పిల్లలు కొంతసేపు కియ్యోకియ్యోమని అరిచి, తరువాత వూరుకున్నాయట. నిద్రపోయినాయి అనుకున్నది. తెల్లవారి గంప యెత్తితే 13 పిల్లలు బయటికి వచ్చాయి. మిగిలిన ఏడూ అడుగున అణిగిపోయి చచ్చి వున్నాయి.

కబురు తెలిసి నేను వెళితే ఆమె నన్ను తిట్టలేదు. "నాయనా, మేత సంగతి చెప్తివి, సూది సంగతి చెప్తివి. రేత్రి సంగతి మాత్రం చెప్పకపోతివే" అన్నది.

నిజమే. ఆ రోజు ఆమెకు చెప్పవలసి వుండి చెప్పలేకపోయిన సంగతే యివాళ మీ అందరికీ చెపుతున్నాను.

కొన్న పిల్లకు చీకటి తెలియదు

మన నాటుపెట్ట పొదిగిన పిల్లను చూడండి. పెట్ట 21 రోజులు పొదిగి పిల్లలను లేపుతుంది. లేచిన రోజు నుంచి సాయంత్రం అయ్యేసరికి గొంతు తగ్గించి పిల్లలను పిలుస్తుంది. అవి వచ్చి రెక్కల కింద దూరుతాయి. చలి వుండదు, భయం వుండదు. యిట్లా ఆరు, యెనిమిది వారాలు గడిచాక, తల్లి వాటిని పొడిచి దూరం చేస్తుంది. అప్పటికి పిల్లకు యిల్లు యెక్కడో, చీకటి యెప్పుడు పడుతుందో, పడుకునేటప్పుడు పక్కన యెవరు వుంటారో తెలిసిపోయి వుంటుంది. మనం నేర్పవలసింది యేమీ మిగలదు.

యిప్పుడు కొన్న పిల్ల సంగతి చూడండి. వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి జాతులను హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా డైరెక్టరేటువారు రూపొందించారు. యీ పిల్లలు యంత్రంలో పొదిగినవి. తల్లి మొహం యెరుగవు. యంత్రం నుంచి తీసినాక బల్బుల కింద పెంచుతారు. మొదటి వారం అక్కడ 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి వుంచి, వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ వస్తారు. చాలాచోట్ల ఆ దీపం రాత్రింబవళ్ళు వెలుగుతూనే వుంటుంది. నాలుగు వారాల తరువాత ఆ పిల్లలు బుట్టలో మన పల్లెకు వస్తాయి. ఆ రాత్రి మన యింట్లో పడిన చీకటే వాటి పుట్టుకలో మొదటి చీకటి!

తల్లి లేదు. దీపం లేదు. చోటు కొత్త. చలి వేరే. అప్పుడు పిల్ల చేయగలిగింది వొకటే: పక్క పిల్ల కిందికి దూరటం. ప్రతి పిల్లా అదే చేస్తుంది. మూల వుంటే మూలకు తోసుకుంటాయి. పైన వున్నవి బతుకుతాయి, అడుగున వున్నవి వూపిరాడక చస్తాయి. కాబట్టి ఆ ముసలమ్మ పిల్లలను చంపింది చలి వొక్కటే కాదు. భయమూ, గాలి ఆడకపోవటమూ, యిరుకూ కలిసి చంపాయి. చలికి భయపడి కప్పిన గోనెపట్టాలే వాటికి ముప్పు తెచ్చాయి.

పిల్ల గూటికి రాకపోతే మొండితనం అని తిట్టుకుంటాము. అది మొండితనం కాదు. దానికి యెవరూ నేర్పలేదు. తల్లి చేసే పనిని మనం చేయాలి.

కోడి కన్ను, పొద్దు వేళ

పని యెప్పుడు చేయాలో తెలియాలంటే కోడి కన్ను సంగతి తెలియాలి. కోడికి పగటి చూపు చాలా మంచిది. నేలమీద వున్న చిన్న గింజను, యెత్తున తిరిగే గద్దను కూడా చూడగలదు. చీకటిలో మాత్రం దాని చూపు బాగా మందం. దాదాపు రేచీకటి వున్న మనిషితో సమానం. అందుకే పొద్దు వాలేటప్పుడే అది తన చోటుకు తొందరపడుతుంది. బాగా చీకటి పడినాక గూటి వాకిలి దానికి కనపడదు. యెక్కడ వున్నది అక్కడే కూలబడుతుంది.

కనుక గూటికి చేర్చే పని పొద్దు గూకటానికి అరగంట ముందే మొదలుపెట్టాలి. యిక్కడ గడియారం చూసుకుంటే మోసపోతారు. మన ఉదయగిరి వైపున డిసెంబరు మొదట్లో సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకే పొద్దు గూకుతుంది. జూన్ ఆఖరులో 6 గంటల 45 నిమిషాల దాకా వుంటుంది. గంటకు పైగా తేడా. కోడికి గడియారం తెలియదు, వెలుగే తెలుసు. మీరూ వెలుగునే చూసుకొని పోవాలి.

గూడు ముందు, పిల్ల తరువాత

పిల్లలు వచ్చే రోజుకు గూడు సిద్ధంగా వుండాలి. రాత్రి పడుకోవటానికి పిల్ల వొక్కింటికి వొక చదరపు అడుగు చోటు కావాలి. అంటే 20 పిల్లలకు అయిదు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. గుడ్లు పెట్టే వయసు వచ్చేసరికి చోటు యింకా పెంచుకోవాలి.

కింద రెండంగుళాల మందాన వేరుశెనగ పొట్టు గాని, వరివూక గాని పరచండి. అది పొడిగా వుండాలి. బూజు పట్టిన పొట్టు వేస్తే ఆ బూజు పిల్లల వూపిరితిత్తులకు పట్టుకుంటుంది.

పిల్ల వొంటికి తగిలేట్టు గాలి కొట్టకూడదు. కాని తలపైన గాలి ఆడుతూనే వుండాలి. గూటి కింది భాగం మూసివుంచి, పైన అంగుళంలో సగం కంతలున్న యినుప జాలి కొట్టించండి. చలికాలం గోనెపట్టా కట్టదలచుకుంటే గాలి వచ్చే వైపు మాత్రమే కట్టండి. నాలుగు వైపులా కట్టవద్దు.

మా వైపున చాలామంది బండలతో కోళ్ళగూడు కట్టుకుంటారు. దొంగకూ, నక్కకూ అది గట్టిదే. అయితే వేసవిలో బండ పగలంతా కాగి రాత్రి సగం దాకా వేడి కక్కుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చి వేడి పోగొట్టుకోవాలి. లోపల వేడి వుంటే బయటే వుండిపోవటం దానికి సహజం. అటువంటి గూటి పైన తాటాకు గాని, బోద గాని కప్పి పగలు యెండ తగలకుండా చూడండి. సాయంత్రం పైన నాలుగు చెంబుల నీళ్ళు చల్లినా మేలే.

ముంగిస, పాము దూరే కంతలు వున్నాయేమో చేత్తో తడిమి చూడండి. మూలల్లో మందపాటి అట్టను వంచి నిలబెట్టి మూల లేకుండా గుండ్రంగా చేయండి. మూల లేకపోతే పిల్లలు వొకచోటికి తోసుకోవటం తగ్గుతుంది. అట్టకు అయ్యే ఖర్చు యేమీ లేదు. దానివల్ల మిగిలేది పిల్ల ప్రాణం.

మొదటి రాత్రి

పిల్లలను పొద్దున పూటే తెచ్చుకోండి. సాయంత్రం తెస్తే చోటు చూసుకోవటానికి వాటికి వెలుగు వుండదు. తెచ్చిన వెంటనే గూటిలో వదిలి, మేత, నీళ్ళు లోపలే పెట్టండి. ఆ రోజు బయటికి వదలవద్దు.

సాయంత్రం వెలుగు తగ్గకముందే గూటిలో వొక చిన్న దీపం వెలిగించండి. అప్పుడు బయట చీకటి పడుతున్నా లోపల మార్పు తెలియదు. యిక్కడ వొక సంగతి గుర్తుంచుకోండి. యీ కాలపు యెల్‌.ఇ.డి. బల్బు వెలుగు యిస్తుందే గాని వేడి యివ్వదు. చలి రాత్రుల్లో వెచ్చదనం కూడా కావాలంటే పాతరకం తీగె బల్బు, 40 లేక 60 వాట్లది, పిల్లల తలకు అడుగున్నర యెత్తున గట్టిగా కట్టి వేలాడదీయాలి. కరెంటు లేనివారు లాంతరు వాడితే గూటి బయట, జాలికి అవతల వుంచాలి. పొట్టు మీద లాంతరు పెడితే గూడే అంటుకుంటుంది. మూసివున్న గూటిలో బొగ్గుల కుంపటి మాత్రం యెప్పుడూ పెట్టవద్దు. దాని పొగలోని విషవాయువు కంటికి కనపడకుండానే చంపుతుంది.

పిల్లలు సద్దుమణిగిన అరగంటకు మళ్ళీ వెళ్ళి చూడండి. అంతకంటె ముందు చెవి పెట్టి వినండి. పిల్లలు హాయిగా వుంటే అక్కడక్కడ విడివిడిగా, మెత్తగా పరుచుకొని పడుకుంటాయి. సన్నగా గునుస్తున్నట్టు చప్పుడు చేస్తాయి. చలిగా వున్నా, భయంగా వున్నా వొకచోట గుట్టపడి, పెద్దగా, తెగకుండా అరుస్తాయి. దీపానికి దూరంగా పోయి నోరు తెరుచుకొని వుంటే వేడి యెక్కువైందన్నమాట. గుట్టపడితే చేత్తో మెల్లగా విడదీసి పరచండి. పది నిమిషాలకు మళ్ళీ చేరితే మళ్ళీ పరచండి. మొదటి రాత్రి మూడు నాలుగుసార్లు యీ పని తప్పదు. అరుస్తున్న పిల్లలు వున్నట్టుండి వూరుకుంటే నిద్రపోయాయని సంతోషపడక, లేచి వెళ్ళి చూడండి.

దీపం తగ్గించటం

మొదటి రాత్రి దీపం తెల్లవార్లూ వుండనివ్వండి. రెండో రాత్రి నుంచి రోజూ కొంతసేపు ఆర్పుతూ రండి. మొదట వొక గంట, మరునాడు రెండు గంటలు, యిట్లా పెంచుకుంటూ పోతే వారం, పది రోజుల్లో పిల్లలు పూర్తి చీకటికి అలవాటు పడతాయి. చలి యెక్కువగా వుంటే వెలుగు తగ్గించినా వెచ్చదనానికి వేరే యేర్పాటు చూసుకోవాలి.

దీపం అలవాటు మాన్పించకపోతే యేమవుతుందో చెపుతాను. యే గాలివాన రాత్రో కరెంటు పోతుంది. చీకటి యెరుగని పిల్లలు అదిరిపోయి గుట్టపడతాయి. ఆ వేళ మీరు నిద్రలో వుంటారు. చీకటిని కొద్దికొద్దిగా నేర్పటం కరెంటు పొదుపు కోసం మాత్రమే కాదని గ్రహించండి.

దీపం ఆర్పే ముందు పిల్లలన్నీ కూర్చున్నాయా అని చూడాలి. అటూయిటూ తిరుగుతుండగా ఆర్పితే, యెక్కడ వున్నది అక్కడ దిక్కుతోచక అరుస్తుంది.

వారం తరువాత బయటికి

అయిదు నుంచి యేడు రోజులు పిల్లలను గూటిలోనే, లేదా గూటికి ఆనుకొని జాలి కట్టిన చోటనే వుంచండి. "పెరటికోళ్ళంటే తిరగాలి గదా, కట్టేస్తే యెట్టా?" అని అడుగుతారు. తిరగాలి, నిజమే. కాని తిరిగినది మళ్ళీ రావాలంటే యిల్లు యేదో ముందు తెలియాలి. యీ వారం రోజుల్లోనే అది తెలుస్తుంది.

మొదటిసారి వదిలేది పొద్దున కాదు, పొద్దు గూకటానికి వొక గంట ముందు. ఆ గంటలో పిల్ల దూరం పోలేదు. ఆకలితో వుంటుంది. చీకటి భయం దాన్ని వెనక్కి తిప్పుతుంది. అప్పుడు రేకు డబ్బాలో గింజలు వేసి ఆడించండి. రోజూ అదే డబ్బా, అదే చప్పుడు, మీ నోటి పిలుపు కూడా అదే వుండాలి. గింజలను గూటి లోపల చల్లండి. సజ్జలు గాని, నూకలు గాని పిల్లకు వొక చిన్న పిడికెడైనా అక్కరలేదు, నాలుగు గింజలు నోటికి అందితే చాలు. మరునాడు గంటన్నర ముందు, ఆ తరువాత రెండు గంటల ముందు వదలండి. పది రోజుల్లో పొద్దున వదిలినా సాయంత్రానికి అవే వస్తాయి.

సాయంత్రపు మేతకు యింకొక ప్రయోజనం వున్నది. కోడికి మెడ కింద మేతసంచి వున్నది గదా. పడుకునే ముందు అది నిండితే రాత్రంతా మేత కొద్దికొద్దిగా లోపలికి దిగుతూ వుంటుంది. ఖాళీ కడుపుతో వున్న పిల్ల కుదురుగా పడుకోదు. పడుకున్న తరువాత చేత్తో తడిమితే సంచి నిండినదీ లేనిదీ తెలుస్తుంది. యే పిల్ల సంచి ఖాళీగా వుందో అది జబ్బుదైనా అయివుంటుంది, లేదా పెద్దవి దాన్ని తిననివ్వటం లేదన్నమాట.

కర్ర పెట్టి తరమవద్దు. కుక్కను వుసిగొల్పవద్దు. తరిమినప్పుడు గూటిలోకి వెళ్ళిన పిల్ల గూడంటే భయం నేర్చుకుంటుంది. వొకటి రెండు పిల్లలు మొండికేస్తే చీకటి పడేదాకా ఆగి, కూలబడినచోట రెండు చేతులతో మెల్లగా యెత్తి లోపల పెట్టండి. చీకటిలో కోడి పెనుగులాడదు.

కూర్చునే కర్ర, చెట్టు యెక్కే కోడి

ఆరు వారాలు దాటేసరికి పిల్లలు యెత్తయిన చోటు వెతుక్కుంటాయి. యిది వాటి రక్తంలో వున్న గుణం. మన యింటి కోడికి మూలం అడవికోడి. అది రాత్రి నక్కకూ, పిల్లికీ అందకుండా చెట్టు కొమ్మ మీద పడుకుంటుంది. గూటిలో నేల తప్ప మరొక చోటు లేకపోతే కోడి వేపచెట్టు మీద కన్ను వేస్తుంది.

కనుక నాలుగో వారం నుంచే గూటిలో అడ్డకర్రలు కట్టండి. మొదటి కర్ర నేలకు అర అడుగు యెత్తున చాలు. తరువాత అడుగు, అడుగున్నర యెత్తుకు మార్చవచ్చు. కర్ర రెండంగుళాల లావు వుండి, అంచులు నున్నగా వుండాలి. యెదిగే పిల్లకు కర్ర మీద ఆరంగుళాల చోటు, పెద్ద కోడికి యెనిమిది అంగుళాల చోటు కావాలి. కర్రలన్నీ వొకే యెత్తున కట్టండి. యెచ్చుతగ్గులు వుంటే పై కర్ర కోసం రోజూ తగవే. ఆ తగవులో వోడిన బలహీనపు పిల్ల బయట మిగిలిపోతుంది. రోజూ చివరికి వచ్చే పిల్ల యేదో గమనించండి. దానికి చోటు దొరకటం లేదేమో చూడండి.

అప్పటికే చెట్టు యెక్కటం మరిగిన కోడిని పొద్దు గూకినాక దించి, గూటిలోని కర్ర మీద పెట్టండి. నాలుగైదు రోజులు గూటిలోనే మూసి వుంచి, మళ్ళీ మొదటినుంచి గంట లెక్కన వదలండి. చెట్టు మీద వున్నది కదా, భద్రమే అనుకోవద్దు. బావురుపిల్లి చెట్టు యెక్కగలదు. గూబ పైనుంచి దిగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలో పడే వానల్లో రాత్రంతా తడిసిన పిల్ల తెల్లవారేసరికి ముక్కు కారుతూ మూలుగుతుంది.

గూటిలో పడుకునే కోడికి యింకొక లాభం కూడా వున్నది. టీకా వేసే రోజున వొక్కటి కూడా తప్పిపోదు. కొక్కెర తెగులు మన పల్లెల్లో మందలకు మందలనే తుడిచిపెడుతుంది. యెనిమిదో వారంలో రెక్కకు వేసే సూదికి పొద్దున్నే గూటి వాకిలి దగ్గర కూర్చుంటే అరగంటలో పని అయిపోతుంది. చెట్టు మీది కోళ్ళకు టీకా వేయించిన రైతును నేను యింతవరకు చూడలేదు.

వచ్చే కోడి వున్నట్టుండి మానితే

నెలల తరబడి బుద్ధిగా వచ్చిన కోళ్ళు వున్నట్టుండి గూటి ముందు నిలబడి లోపలికి రాకుండా వెనక్కి పోతుంటే, తప్పు కోళ్ళలో లేదు, గూటిలో వున్నది. రాత్రి టార్చిలైటు తీసుకొని వెళ్ళండి. కర్రల చివరలు, బండల సందులు, మేకుల కంతలు చూడండి. గోమార్లు, పిడుదులు పగలు ఆ సందుల్లో దాక్కొని, రాత్రి కోడి పడుకున్నాక బయటికి వచ్చి రక్తం తాగుతాయి. అందువల్ల పగలు కోడిని పట్టి చూస్తే వొంటిమీద యేమీ కనపడవు. "పురుగు లేదండీ" అని మనం అనుకుంటాము. కోడికి మాత్రం తెలుసు. అందుకే లోపలికి రాదు.

కర్రలు వూడదీసి యెండలో వేయండి. పాత పొట్టు అంతా యెత్తి దూరంగా కాల్చండి. సందులన్నిటికీ చిక్కటి సున్నం దట్టించి కొట్టండి. పురుగుమందు వాడవలసి వస్తే పశువైద్యుని అడిగి, ఆయన చెప్పిన మోతాదులోనే వాడండి. పొగాకుకో, మిరపకో తెచ్చిన మందు యింట్లో వున్నదని కోళ్ళగూటిలో కొట్టవద్దు.

పురుగు లేకపోతే పాము కుబుసం గాని, ముంగిస తవ్విన గుంట గాని వున్నదేమో చూడండి. వాసన వస్తే, మోకాళ్ళ మీద కూర్చొని గూటిలో మీరే నాలుగు నిమిషాలు వూపిరి పీల్చండి. మీ కళ్ళు మండితే కోడి కళ్ళూ మండుతున్నాయి. పొట్టు మార్చండి.

చిన్నపిల్లలు పెంచుకునే వొంటి కోడిపిల్ల

తిరునాళ్ళలో రంగు పూసిన కోడిపిల్లలను అమ్ముతారు. పిల్లవాడు యేడ్చి వొకటి కొనిపించుకుంటాడు. రాత్రి అయ్యేసరికి ఆ కోడిపిల్ల యిల్లంతా లేచేట్టు అరుస్తుంది. దానికి ఆకలి కాదు. అది వొంటరిగా వున్నది, చలిగా వున్నది. వీలైతే రెండు పిల్లలు కొనండి. వొక అట్టపెట్టెకు పైన కంతలు పొడిచి, లోపల పొడి గుడ్డ పరచండి. వొక సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. సీసా వెచ్చగా వుండాలి గాని కాలకూడదు. పిల్ల దానికి ఆనుకొని కాసేపట్లో అరుపు మానుతుంది. పిల్లవాడు మాత్రం ప్రేమకొద్దీ దాన్ని తన దుప్పట్లో పడుకోబెట్టుకోకుండా చూడండి. నిద్రలో వొక పక్కకు వొరిగితే పొద్దున యేడుపే మిగులుతుంది.

పట్నాల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మే చిన్న చిలుకలు చాలావరకు ఆస్ట్రేలియా దేశపు బడ్జరిగార్ జాతివి. వాటికీ సూత్రం యిదే. పంజరాన్ని రోజూ వొకే వేళకు, వొకేచోట వుంచి, మూడు వైపులా పలచని గుడ్డ కప్పి, వొక వైపు గాలికి వదలండి. టీవీ చప్పుడు, వంటపొగ తగలనివ్వవద్దు. చీకటిలో అదిరిపడి రెక్కలు కొట్టుకుంటుంటే, దూరంగా వొక చిన్న దీపం వుంచండి.

యిక మన రామచిలుక సంగతి. తోటలో పట్టిన చిలుకపిల్లను పంజరంలో యెట్లా నిద్రపుచ్చాలి అని కొందరు నన్ను అడుగుతారు. దానికి నా జవాబు వొకటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టటం, పెంచటం నేరం. దాని పడక చెట్టుతొర్రలోనే. దెబ్బ తగిలి దొరికితే అటవీశాఖవారికి అప్పగించండి.

మళ్ళీ వొకసారి

చెప్పినవాటిని క్లుప్తంగా మళ్ళీ చెపుతాను. పిల్లలను పొద్దున తెచ్చుకోండి. గూడు ముందే సిద్ధం చేయండి. వారం రోజులు లోపలే వుంచండి. చీకటిని కొద్దికొద్దిగా అలవాటు చేయండి. పొద్దు గూకటానికి అరగంట ముందే డబ్బా ఆడించండి. తరమవద్దు. గాలి ఆడకుండా కప్పవద్దు. నాలుగో వారం నుంచి కర్ర కట్టండి. వాకిలి మూసే ముందు లెక్కపెట్టండి. ఆ తరువాత అరగంటకు వెళ్ళి వొకసారి వినండి.

ఆ ముసలమ్మ సంగతి అడుగుతారని నాకు తెలుసు. మిగిలిన 13 పిల్లల్లో వొకటి వేపచెట్టు మరిగి బావురుపిల్లి పాలయింది. పన్నెండు నిలిచి పెరిగాయి. మరుసటి యేడు ఆమె యింకొక పది పిల్లలు తీసుకున్నది. మొదటి రాత్రి యెట్లా వుందో చూద్దామని నేను పొద్దు వాలేవేళకు వెళ్ళాను. ఆమె అప్పటికే గూటి ముందు పీట వేసుకొని కూర్చొని వున్నది. చేతిలో రేకు డబ్బా, మూలల్లో వంచిపెట్టిన అట్టలు. నన్ను చూసి, "నువ్వు పో నాయనా, బస్సు పోతది. రేత్రి సంగతి నేను చూసుకుంటా" అన్నది.

కాబట్టి, సోదరీమణులారా, సాయంత్రం మీరు దీపం పెట్టే వేళకు వొక్కసారి దొడ్లోకి వెళ్ళండి. గూటిలోని పిల్లలను వేలు పెట్టి లెక్కించండి. లెక్క తప్పితే యింకా కాస్త వెలుగు వున్నప్పుడే వెతకండి.